తాళాల తాత పక్షం

బైండరు ఇంట్లో వెలుతురున్న గది ఒక్కటే, ముందుగది. ఆ గదికి కిటికీ ఒక్కటే. కిటికీ పక్కన చేతుల కుర్చీ ఒక్కటే. అందులో కూర్చునే యోగం మాత్రం ఏడేళ్లుగా ఆయన భార్యది. బైండరు జిగురు కుండ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ఆ కుర్చీ వైపు చూస్తూ రోజులు వెళ్లదీస్తున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ఎండ ఆ కిటికీలోంచి వచ్చి కుర్చీ చేతుల మీద వాలుతుంది. తొందరేమీ లేని చుట్టంలా ఒక గంట కూర్చుని, నాలుగింటికి లేచి వెళ్తుంది. ఆ గంటసేపు కుర్చీలో ఎవరున్నా సరే, చేతిలో పుస్తకం ఉంటే ఈ లోకంలో ఉండరు. జిగురు కుండ పక్కన మాత్రం ఎప్పుడు చూసినా ఈ లోకమే, అదీ జిగురు వాసనతో.

కుర్చీని ఆవిడ దౌర్జన్యంగా తీసుకోలేదు. గెలుచుకుంది.

సంగతేమిటంటే, మొగుడూ పెళ్లాలిద్దరికీ ‘పొగమంచు రాజ్యం’ అంటే ప్రాణం. పన్నెండేళ్లుగా వస్తున్న నవల. ఇప్పటికి తొమ్మిది సంపుటాలొచ్చాయి. ఒక్కొక్కటి తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. అందులో ఒక రాణి, ఆ రాణికి ఏడు తలుపుల కోట, ఆ కోట మీద కన్నేసిన బూడిద దొర. కోటలో ఉన్నవాళ్లలో ఎవరు రాణి పక్షమో, ఎవరు లోలోపల దొర పక్షమో ఒక పట్టాన తేలదు. సంపుటానికీ సంపుటానికీ మధ్య ఏడాది పైగా పడుతుంది. ఆ ఏడాదంతా చదివినవాళ్లకి వేరే పని ఉండదు, ఊహించుకోవడమే.

కొత్త సంపుటం వచ్చే ముందు ఇంట్లో పందెం. ఎవరి ఊహ నిజమైతే వాళ్లకి తర్వాతి సంపుటం దాకా కుర్చీ. ఐదో సంపుటంలో సేనాపతి ద్రోహి అని ఆవిడ చెప్పింది. ఆ సేనాపతి కళ్లలో నిజాయితీ ఉందన్నాడు బైండరు. రెండువందల పదో పేజీలో సేనాపతి ఆ కళ్లతోనే శత్రువుకి సైగ చేశాడు. ఆరో సంపుటంలో వంటావిడ, ఏడులో గుర్రాలవాడు, ఎనిమిదిలో రాజవైద్యుడు, తొమ్మిదిలో రాణిగారి సొంత తమ్ముడు. ఆవిడ ఎవరిని వేలెత్తి చూపిస్తే వాళ్లు ద్రోహులు. బైండరు ఎవరిని నమ్మితే వాళ్లూ ద్రోహులే. చివరికి లైబ్రరీలో జనం, ఫలానావాడు మంచివాడో కాదో తేల్చుకోవాలంటే, బైండరు అతన్ని నమ్ముతున్నాడా అని ముందు కనుక్కోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు పదో సంపుటం వచ్చింది. ఇదే ఆఖరిది. ఇక సంపుటాల్లేవు కాబట్టి ఈసారి గెలిచినవాళ్లకి కుర్చీ శాశ్వతం.

పందెం తాళాల తాత మీద. కోటలో ఏడు తలుపుల తాళంచెవులూ ఆ ముసలాయన నడుముకే వేలాడుతుంటాయి. నడిస్తే గలగలమంటాయి. మొదటి సంపుటం నుంచీ ఉన్నాడు. ఎక్కువ మాట్లాడడు, ఎవరి పక్షమో చెప్పడు. బైండరు ఆయన్ని మొదటి పేజీలోనే నమ్మాడు, పన్నెండేళ్లుగా నమ్ముతూనే ఉన్నాడు. ఆవిడ పన్నెండేళ్లుగా అనుమానిస్తూనే ఉంది.

వాదనంతా ఒక తుమ్ము దగ్గర ఆగింది. నాలుగో సంపుటంలో రాణీ మంత్రీ రహస్యంగా మాట్లాడుకుంటూ ఉంటే పక్కగదిలో తాత తుమ్ముతాడు. అంతే, ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం మీద ఆ ఇంట్లో ఎనిమిదేళ్ల కాపురం జరిగింది.

“అది సంకేతం. బయటున్న దొర మనిషికి వినబడాలనే తుమ్మాడు,” అనేది ఆవిడ.

“ముసలాయనకి జలుబు చెయ్యకూడదా?”

“తొమ్మిది సంపుటాల్లో ఒక్కసారే చేస్తుందా జలుబు?”

“నీకులా చినుకు పడ్డప్పుడల్లా చెయ్యాలా?”

అక్కణ్ణుంచి తుమ్ము పక్కకి తప్పుకుని, చినుకూ, గొడుగూ, పోయినేడాది గొడుగుని బస్సులో మరిచిపోయిన మహానుభావుడెవరూ అనే విషయాలు ముందుకొచ్చేవి.

పక్కగదిలో మంచం మీద ఉండి అత్తగారు ఇదంతా వింటూ ఉండేవారు. అత్తగారి దృష్టిలో కథలో ఉన్న ప్రతి ముసలాడూ ఎవరికో ఒకరికి తప్పిపోయిన తండ్రే. “తాత రాణికి కన్నతండ్రి అల్లుడుగారూ. కావాలంటే చూడండి, ఇద్దరికీ చలికాలం పడదు,” అనేవారు. కాదని రుజువు చెయ్యడం ఎవరివల్లా కాలేదు. అత్తగారికి ఇంకో అలవాటుంది, కళ్లజోడు పెట్టుకునే నిద్రపోతారు. ఎందుకని అడిగితే, తీసేస్తే కలలు మసగ్గా వస్తున్నాయంటారు.

బైండరు రోజూ పని మొదలుపెట్టే ముందు దేవుడికి ఒక నమస్కారం పెట్టుకుంటాడు. చేతుల్లో సత్తువ ఉంచమనీ, ఇంట్లోవాళ్లని చల్లగా చూడమనీ అడుగుతాడు. పన్నెండేళ్ల కిందట మూడో కోరిక ఒకటి చేరింది. స్వామీ, ఆ తాళాల తాతని మంచివాడిగానే ఉంచు.

ఈ మధ్య ఒకరోజు అది ఆవిడ చెవిన పడింది. “అచ్చయిపోయిన పుస్తకానికి ప్రార్థన ఏం చేస్తుందండీ?” అంది.

బైండరు చేతులు జోడించే ఆలోచించాడు. నిజమే, అక్షరాలు పడిపోయాయి, సిరా ఆరిపోయింది. “మన కథలు మాత్రం ఆయన దగ్గర అచ్చవకుండా ఉన్నాయా ఏమిటి? అయినా అడుగుతూనే ఉన్నాం కదా,” అన్నాడు.

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ ఏమీ అనలేదు. ఆ ఇంట్లో బైండరు మాటకి జవాబు రాకపోవడం అదే మొదలు. ఆ రోజంతా అతను కాస్త నిటారుగా నడిచాడు.

లైబ్రరీ పుస్తకాలన్నీ బైండు చేసేది వీళ్లే. లావు పుస్తకాలు పదిమంది చేతులు మారితే పేజీలు రాలిపోతాయని, లైబ్రరీ మేడమ్ అచ్చాఫీసు నుంచి కుట్టని కాగితాలే తెప్పిస్తుంది. పెద్ద కాగితాన్ని మడతలు పెడితే పదహారు పేజీల కట్ట అవుతుంది; దాన్ని ఫారం అంటారు. ఆ ఫారాలని వరసగా చట్రం మీద పేర్చి దారంతో కుట్టేది ఆవిడ. జిగురు రాసి, అంచులు కత్తిరించి, అట్ట వేసి, ప్రెస్సులో బిగించేది బైండరు. అంచులు కత్తిరించేదాకా మడతలు విచ్చుకోవు, లోపలి పేజీలు సరిగ్గా కనబడవు.

బైండరు తండ్రి ఈ పని నేర్పుతూ రెండే నియమాలు పెట్టాడు. లైబ్రరీ పుస్తకం లైబ్రరీకి చేరేదాకా చదవకూడదు. ఫారాలు లెక్కపెట్టి, అచ్చాఫీసు చీటీతో సరిచూసుకోకుండా పుస్తకం మీద చెయ్యి వెయ్యకూడదు. ముప్ఫై ఏళ్లుగా బైండరు ఈ రెండూ తప్పలేదు.

తప్పినప్పుడు మాత్రం రెండూ ఒకే మధ్యాహ్నం తప్పాడు.

పదో సంపుటం కట్ట సోమవారం ఇంటికొచ్చింది. శుక్రవారం లైబ్రరీలో పాఠకుల సమావేశం. ఎవరి ఊహ వాళ్లు పైకి చెప్పి, చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. ఆ పై బుధవారం పుస్తకం వచ్చాక మేడమ్ ఆఖరి అధ్యాయం అందరిముందూ చదివి డబ్బా తెరుస్తుంది. ఉన్నది ఒక్క ప్రతి. ఎవరు ముందు చదివినా మిగతావాళ్లకి చెప్పకుండా ఉండలేరు కాబట్టి, చివర ఏమైందో అందరూ ఒకేసారి తెలుసుకుని, ఆ తర్వాత తీరిగ్గా మొదటి పేజీ నుంచి చదువుకోవడం అక్కడి పద్ధతి.

సోమవారం, మంగళవారం బైండరు నిగ్రహంగానే ఉన్నాడు. ఆవిడ కుడుతోంది, కట్ట పెరుగుతోంది. పేజీలు తన కళ్ల పడకుండా పైన ఒక తెల్లగుడ్డ కప్పుకుని మరీ కుడుతోంది. ఆ తెల్లగుడ్డ చూస్తే బైండరుకి పొగమంచులా ఉంది. దాని కింద కోట ఉంది. కోటలో తాత ఉన్నాడు. తాతతో పాటు ఒక కుర్చీ కూడా ఉంది.

బుధవారం మూడింటికి ఆవిడ లేచి, దారం అయిపోయింది తెచ్చుకుంటానని బజారుకి వెళ్లింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని నిద్రపోతున్నారు. ఎండ వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంది.

బైండరు వెళ్లి ఎండని కాస్త జరగమన్నట్టుగా దాని పక్కన ఒదిగి కూర్చున్నాడు. ఊరికే, చూద్దామని. ఏడేళ్ల తర్వాత ఆ కుర్చీ వీపుకి ఆనేసరికి కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి. ఎక్కణ్ణుంచో గలగలమని చప్పుడు. తాళాల తాత మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి, ముక్కాలిపీట మీద కూర్చుని, జిగురు కుండ దగ్గర చేతులు కాచుకున్నాడు.

“ఏం నాయనా, ఇంకా నన్ను నమ్ముతున్నావా?” అన్నాడు.

“నమ్ముతున్నాను తాతా. ఒక్కసారి చూసుకుంటే ఇంకా గట్టిగా నమ్ముతాను.”

“చూసేశాక నమ్మడమెందుకు, నాయనా?” అని తాత లేచి గలగలమంటూ వెళ్లిపోయాడు.

బైండరుకి మెలకువ వచ్చింది. మంచి మాటే చెప్పాడు తాత. కానీ మంచి మాటలు చెప్పినవాళ్లందరూ తొమ్మిది సంపుటాల్లో ద్రోహులే అయ్యారు. అతను లేచి టార్చిలైటు తెచ్చుకున్నాడు.

తెల్లగుడ్డ తీశాడు. పైనున్న ఫారమే ఆఖరిదని అనుకున్నాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు ప్రకారం వేళ్లు లెక్కపెట్టబోయాయి. ఇప్పుడు అంత తీరిక లేదని వాటిని ఆపేశాడు. మడతల మధ్య సందు చేసి, టార్చి వేసి, ఒక కన్ను మూసి సొరంగంలోకి చూసినట్టు లోపలికి చూశాడు. సగం వాక్యాలు కనబడ్డాయి, సగం మడతలోకి వెళ్లిపోయాయి. కనబడిన సగం చాలు. తాళాల తాత వంతెన మీదికి వచ్చాడు. నడుముకున్న గుత్తి విప్పాడు. బూడిద దొర చేతిలో పెట్టాడు. “ముసలివాణ్ణయిపోయాను ప్రభూ, ఇక ఈ బరువు మొయ్యలేను,” అన్నాడు. ఫారం ఆఖరి పేజీలో, వంతెన మీద మంచు దిగింది, కోటలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

అయిపోయింది. ‘సమాప్తం’ అని లేదు. ఈ కాలం రచయితలు వెయ్యరు కాబోలు అనుకున్నాడు.

బైండరు గుడ్డ మళ్లీ కప్పాడు. దూరపు చుట్టం పోయిన కబురు విన్నట్టుంది. కాసేపు నిజంగానే బాధపడ్డాడు. పన్నెండేళ్లు, స్వామీ, పన్నెండేళ్లు ఆయన కోసం నిన్ను అడిగానే అనుకున్నాడు. తర్వాత చూపు మెల్లగా కుర్చీ మీదికి పోయింది. తాత ఎలాగూ పోయాడు. కుర్చీ కూడా పోవడమెందుకు?

సాయంత్రం కాఫీలు తాగుతుండగా అత్తగారు, తనకి వింత కల వచ్చిందన్నారు. “అల్లుడుగారు పుస్తకం నోరు తెరిపించి, టార్చిలైటు వేసి లోపలికి చూస్తున్నారే. అచ్చం పళ్ల డాక్టరు చూసినట్టు.”

బైండరుకి కాఫీ అడ్డం పడింది. తేరుకున్నాక, కలలకి అర్థాలుండవు అత్తయ్యగారూ అన్నాడు.

“అమ్మకి కలలు ఎప్పుడూ అంతే లెండి,” అంది ఆవిడ. దారం ఉండకి మైనం రాస్తూ అతని వైపు ఒకసారి చూసి, మళ్లీ దారం వైపు చూసుకుంది.

శుక్రవారం సమావేశానికి అందరూ వచ్చారు. పళ్ల డాక్టరు, బూడిద దొర దుర్మార్గానికంతటికీ కారణం పన్నెండేళ్లుగా వైద్యం లేని దవడ పన్నే అన్నాడు. పోస్టుమాన్, రెండో సంపుటంలో ఒక ఉత్తరం చేరాల్సిన చోటికి చేరలేదనీ, అది చేరి ఉంటే ఈ యుద్ధమే లేదనీ, ఎవరో తన మీద నింద వేసినంత బాధగా చెప్పాడు. అనుమానాల మాస్టారికి కథలో ఎవరి మీదా అనుమానం మిగల్లేదు. ఆయన ఇప్పుడు రచయితనే అనుమానిస్తున్నాడు.

బైండరు వంతు వచ్చింది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, తాను బాగా ఆలోచించాననీ, మనిషన్నాక కళ్లు తెరవాలనీ, తాళాల తాత ద్రోహి అనే నిర్ణయానికి వచ్చాననీ చెప్పాడు. తుమ్ము కూడా సంకేతమేనన్నాడు.

పోస్టుమాన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బైండరు నమ్మడం మానేశాడంటే ఆ తాత నిజంగానే మంచివాడేమోనని మాస్టారికి అనుమానం వచ్చింది.

ఆవిడ చీటీ చేతిలో పట్టుకుని కాసేపు భర్త వైపే చూసింది.

“ఇద్దరిదీ ఒకే మాటైతే పందెం ఎట్లా అండీ?” అంది. “సరే, మీరు వదిలేసిన తాతని నేను తీసుకుంటాను. ఆయన రాణి పక్షమే.”

బైండరుకి లోపల చక్కిలిగింతలు పెట్టినట్టయింది. అది పైకి తెలియకుండా, “పన్నెండేళ్లు ద్రోహి అన్నావు కదా,” అన్నాడు.

“ఆయన్ని నమ్మడానికి మీరున్నారు కదాని అన్నాను. ఇప్పుడు ఎవరూ లేరు.”

ఆ మాట బైండరుకి ఎక్కడో సూదిలా గుచ్చుకుంది. కానీ అప్పటికే చీటీ డబ్బాలో వేసేశాడు.

ఇంటికెళ్లే దారి పొడుగునా అతని మనసు కుర్చీలోనే కూర్చుని ఉంది. దానికో దిండు కావాలనుకున్నాడు. నీలం రంగుది. ముక్కాలిపీట మీద ఆవిడకి కూడా ఒక దిండు వెయ్యొచ్చు, పాపం. గెలిచినవాడు ఆ మాత్రం ఉదారంగా ఉండాలి. ఆ సాయంత్రం ప్రార్థనకి కూర్చుంటే మాత్రం ఏం అడగాలో తోచలేదు. చేతులకి సత్తువ, ఇంట్లోవాళ్లకి ఆరోగ్యం అయ్యాక మూడో చోటు ఖాళీగా ఉంది. నమస్కారం పెట్టి లేచాడు.

శనివారం పొద్దున ఆవిడ కుట్టు పూర్తి చేసి పుస్తకం చేతికిచ్చింది. బైండరు దాన్ని బల్లకి తట్టి, వీపు సమం చేసి, జిగురు కుంచె ముంచాడు. ఈసారి వేళ్లని ఆపేవాళ్లెవరూ లేరు. అవి వాటి దారిన అవి లెక్కపెట్టుకుంటూ పోయాయి. ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది.

అచ్చాఫీసు చీటీ చూశాడు. ముప్ఫై ఎనిమిది. అంతా సరిగ్గానే ఉంది.

అంతా సరిగ్గా ఉండటం అతనికి ఎందుకో నచ్చలేదు. బుధవారం తాను చూసిన ఆఖరి పేజీ నంబరు గుర్తు తెచ్చుకున్నాడు. ఐదువందల తొంభై రెండు. పదహారుతో భాగించాడు. ముప్ఫై ఏడు. ఇంకోసారి భాగించాడు. ముప్ఫై ఏడు మారలేదు.

కుంచెలోంచి జిగురు బొట్లు బొట్లుగా చెప్పు మీద పడుతోంది.

“ఏమైందండీ?” అంది ఆవిడ కుర్చీలోంచి.

“ఏం లేదు. జిగురు వేడిగా ఉంది.”

“ఫారాలు సరిపోయాయా?”

“సరిపోయాయి.”

“ఒక్క ఫారం ఉందనగా మొన్న దారం అయిపోయింది కదా. అది నలగకుండా నా సూదుల డబ్బాలో పెట్టాను. పొద్దునే తీసి కుట్టాను,” అని ఆవిడ మళ్లీ పనిలో పడింది.

ఒక ఫారం లేదని నాకెందుకు చెప్పలేదని అడగడానికి బైండరు నోరు తెరిచాడు. అడిగితే, చెప్పకపోతే మీకొచ్చిన నష్టమేమిటని ఆవిడ అడుగుతుంది. నోరు మూసుకున్నాడు.

పుస్తకం అతని చేతుల్లో ఉంది. ఆఖరి పదహారు పేజీలు అతని బొటనవేలి కిందే ఉన్నాయి. ఎదురుగా కుర్చీలో ఆవిడ ఉంది. జిగురు రాశాడు. ఆరాక అంచులు కత్తిరిస్తుంటే, పుస్తకం కదలకుండా ఆవిడే వచ్చి రెండు చేతులా పట్టుకుంది. మడతలన్నీ విచ్చుకున్నాయి. విచ్చుకున్నవాటిని విచ్చుకున్నట్టే అట్ట మధ్య పెట్టి ప్రెస్సులో బిగించాల్సి వచ్చింది.

సోమవారం పొద్దునే బైండరు లైబ్రరీకి పోయి, తన చీటీలో అక్షరం ఒకటి సరిగ్గా పడలేదనీ, ఒకసారి ఇస్తే దిద్దుకుంటాననీ మేడమ్‌ని అడిగాడు.

“డబ్బా అంటించేశానండీ. మీ జిగురే. ఊడి రావడం లేదు,” అంది మేడమ్ మెచ్చుకోలుగా.

ముప్ఫై ఏళ్లలో తన జిగురుని ఎవరైనా పొగిడితే బాధపడటం బైండరుకి అదే మొదటిసారి.

మంగళవారం మధ్యాహ్నం ముక్కాలిపీట మీద కునుకు పడితే తాత మళ్లీ వచ్చాడు. ఈసారి గలగలలు లేవు. ప్రెస్సులోంచి గొంతు ఒక్కటే వచ్చింది. “కాస్త వదులు చెయ్యి నాయనా, ఊపిరాడటం లేదు.” బైండరు కళ్లు తెరిచి, నిజంగానే లేచి, ప్రెస్సు అరచుట్టు వదులు చేశాడు. మంచివాడో ద్రోహో, ముసలాయన కదా.

బుధవారం లైబ్రరీలో కూర్చోవడానికి చోటు లేదు. అత్తగారు కూడా వచ్చారు, కళ్లజోడు తుడుచుకుని మరీ. మేడమ్ కొత్త అట్ట తెరిచి, ఆఖరి అధ్యాయం చదవడం మొదలుపెట్టింది.

వంతెన మీద మంచు దిగింది. కోటలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. బైండరు కళ్లు మూసుకున్నాడు. ఇక్కడిదాకా తనకి తెలిసిన దారే. మేడమ్ ఎదురు పేజీకి వచ్చింది.

బూడిద దొర మనుషులు మొదటి తలుపుకి తాళంచెవి పెట్టారు. తిరగలేదు. రెండోది పెట్టారు. అదీ తిరగలేదు. ఏడు తాళంచెవులూ ఏడు తలుపులకీ పెట్టి చూశారు. అవి ధాన్యపు కొట్టువీ, స్నానాల గదివీ, ఎప్పుడో తగలబడిపోయిన పావురాల గూడువీ. కోటకి అసలు తాళంచెవి ఒక్కటే. అది ఎనిమిదేళ్లుగా రాణిగారు కప్పుకునే ఉన్ని శాలువా అంచులో, కుట్టులోపల ఉంది. పక్కగదిలో కూర్చుని దాన్ని స్వయంగా కుట్టింది తాళాల తాతే. ఆ రోజు కుడుతుంటే ఉన్ని నూగు ముక్కులోకి పోయి, ఆయన ఒక తుమ్ము తుమ్మాడు.

లైబ్రరీ మొత్తం బైండరు దంపతుల వైపు తిరిగింది. సంకేతమూ కాదు, జలుబూ కాదు. ఎనిమిదేళ్ల కాపురం ఉన్ని నూగు పాలైంది.

మేడమ్ ఇంకా చదువుతోంది. రాణి వంతెన మీదికి వచ్చి, అందరూ తిడుతుంటే ఇన్నాళ్లూ ఎలా భరించావని తాతని అడిగింది. ఎక్కడో ఒకడు నన్ను నమ్ముతుంటాడని అనుకునేవాణ్ణి తల్లీ, అన్నాడు తాత.

బైండరు చెప్పుల వైపు చూసుకున్నాడు. ఎడమ చెప్పు మీద జిగురు ఎండి మెరుస్తోంది.

డబ్బా తెరవడానికి కత్తి కావాల్సి వచ్చింది. చీటీలు చదివారు. తాతని నమ్మినట్టు రాసింది ఆవిడ ఒక్కతే. అందరూ చప్పట్లు కొట్టారు. బైండరు కూడా కొట్టాడు, రెండు దెబ్బలు ఆలస్యంగా.

ఇంటికొచ్చేసరికి మూడయింది. ఎండ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ఆవిడ వెళ్లి కుర్చీలో వెనక్కి వాలింది. అత్తగారు పక్కగదిలో నడుం వాల్చారు. బైండరు ముక్కాలిపీట జరుపుకుని, కాసేపు జిగురు కలిపి, కలపడానికి ఇంకేమీ లేకపోయాక అన్నాడు.

“నేను చూశానే.”

“తెలుసండీ.”

“ఎప్పుడు తెలిసింది?”

“అమ్మకి కల వచ్చినప్పుడు కొంచెం. మీరు శుక్రవారం లేచి నిలబడ్డప్పుడు పూర్తిగా.”

“మరి నువ్వు? ఆ ఫారం మూడు రోజులు నీ డబ్బాలోనే ఉంది. నిజం చెప్పు.”

“మామగారి మాట నేనెందుకు తప్పుతాను? చదవలేదు.” ఆవిడ వేలితో కుర్చీ చేతి మీది ఎండని నిమిరింది. “మీరు చూసిన పుస్తకంలో తాత ద్రోహి అయ్యుండాలి. లేకపోతే మీరు పక్షం మారరు. అందులో చివరి పదహారు పేజీలు లేవు. అక్కడికే ద్రోహి అని తేలిపోతే, ఇక ఆ పదహారు పేజీల్లో రాసేదేముంటుందండీ?”

బైండరు దీని గురించి ఆలోచించాడు. ఎక్కడా సందు దొరకలేదు. చాలా గట్టి కుట్టు.

“అంతేనా?” అన్నాడు.

“అంతే కాదు.” ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. “సేనాపతి నుంచీ చూస్తున్నాను. మీరు నమ్మినవాళ్లందరూ మిమ్మల్ని మోసం చేశారు. ఒక్కడైనా నిలబడాలి కదా అనిపించింది. తీరా అతను నిలబడితే, మీరు లేకుండా పోయారు.”

బైండరు కుంచె తుడిచి పక్కన పెట్టాడు. పన్నెండేళ్ల ప్రార్థన నెరవేరింది. నెరవేరే వేళకి అడిగినవాడు అవతలి పక్షంలో ఉన్నాడు. దేవుడు మాత్రం ఏం చేస్తాడు? అయినా ఇచ్చాడు. ఎవరి చీటీ మీద ఇచ్చాడన్నది ఆయనిష్టం.

ఎండ కుర్చీ దిగి, గచ్చు మీదుగా మెల్లగా వచ్చి, ముక్కాలిపీట మీదున్న బైండరు మోకాలిదాకా పాకింది. అంతకన్నా పైకి రాదు. ఏడేళ్లుగా కొలత అదే.

పక్కగదిలో మంచం కిర్రుమంది. అత్తగారు లేచి కూర్చున్నట్టున్నారు.

“అమ్మాయీ, ఇంకో కల వచ్చిందే. కిటికీ దగ్గర కుర్చీలో అల్లుడుగారు కూర్చుని, నీలం దిండుకి ఆనుకుని హాయిగా పుస్తకం చదువుకుంటున్నారు.”

ఆవిడ దిండు మాట విని బైండరు వైపు చూసింది. బైండరు జిగురు వైపు చూశాడు.

“ఇది మాత్రం కలేనమ్మా,” అంది ఆవిడ. “పడుకో.”